కాలేయ మార్పిడి తర్వాత బిడ్డకు శస్త్రచికిత్స చిక్కులు తగ్గాలంటే: రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల తెలుగు కుటుంబాలకు

పిల్లల కాలేయ మార్పిడి ఆపరేషన్ హైదరాబాదులోనో చెన్నైలోనో జరుగుతుంది. ఆ తర్వాత బిడ్డ పెరిగేది మాత్రం రాయగడలోనో, గుణుపురంలోనో, పర్లాకిమిడిలోనో, జయపురంలోనో ఉన్న సొంత ఇంట్లో. అప్పటికి ఆపరేషన్ చేసిన సర్జన్ ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరంలో ఉంటారు. బిడ్డ ఒళ్లు వెచ్చబడితే మొదట చూసేది తల్లి, తర్వాత వీధి చివరి మందుల షాపు, ఆ తర్వాత నాలాంటి స్థానిక పిల్లల డాక్టరు. రాయగడలో పిల్లల వైద్యం చేస్తూ, ఇలా మార్పిడి చేయించుకుని తిరిగివచ్చిన కొందరు పిల్లలను చూసుకుంటున్నందువల్ల, ఈ ప్రాంతపు తెలుగు కుటుంబాల కోసం ఈ వివరాలు రాస్తున్నాను. మీ మార్పిడి బృందం ఇచ్చిన సూచనలకు తోడుగానే వీటిని చదువుకోవాలి. రెండింటికీ తేడా వస్తే బృందం మాటే నిలవాలి.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఎంత మంచి చేతిలో జరిగినా ఈ ఆపరేషన్ తర్వాత కొందరు పిల్లలకు చిక్కులు వస్తాయి. అన్నింటినీ ఆపడం ఎవరి వల్లా కాదు. మనం చేయగలిగినవి రెండు. బిడ్డను ఆపరేషన్ బల్ల దాకా వీలైనంత బలంగా చేర్చడం ఒకటి. చిక్కు మొదలైన గంటకూ అది బృందం కంటపడిన గంటకూ మధ్య వ్యవధిని వీలైనంత కుదించడం రెండోది. కొత్త కాలేయానికి వెళ్లే రక్తనాళంలో గడ్డకట్టిన సంగతి కొన్ని గంటల్లో తెలిస్తే దాన్ని తెరిచే ప్రయత్నం చేయవచ్చు. రెండు రోజుల తర్వాత తెలిస్తే ఇంకో కాలేయం వెతుక్కోవలసి రావచ్చు.

చిన్న ఒంట్లో పని ఎందుకు కష్టం

మనిషికి కాలేయం మార్చే మొదటి ప్రయత్నం 1963లో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ అనే సర్జన్ చేశారు. రోగి మూడేళ్ల బాబు, పుట్టుకతోనే పిత్తనాళాలు మూసుకుపోయిన బిడ్డ. ఆపరేషన్ మధ్యలోనే రక్తస్రావం ఆగక చనిపోయాడు. మన దేశంలో తొలిసారి ఒక బిడ్డకు ఈ ఆపరేషన్ విజయవంతమైంది 1998 నవంబరులో, ఢిల్లీలో. ఇరవై నెలల ఆ బాబుకు తండ్రి కాలేయంలో కొంత ఇచ్చారు, జబ్బు మాత్రం అదే. ఈ మధ్యకాలంలో మత్తుమందు, కుట్టే విధానం, మందులు అన్నీ మారాయి కానీ పిల్లల ఒంటి కొలతలు మారలేదు. అసలు చిక్కంతా ఆ కొలతల్లోనే ఉంది.

ఏడాది, రెండేళ్ల బిడ్డ పొట్టలో పెద్దవారి కాలేయం మొత్తం పట్టదు. అందుకే తల్లి లేదా తండ్రి కాలేయంలో ఎడమ అంచు భాగాన్ని, అంటే డాక్టర్లు రెండు, మూడు సెగ్మెంట్లు అనే ముక్కను, తీసి అమరుస్తారు. ఆ ముక్కకు నాలుగు అతుకులు వేయాలి: రక్తం బయటికి వెళ్లే హెపాటిక్ సిర, పేగుల నుంచి రక్తం తెచ్చే పోర్టల్ సిర, గుండె వైపు నుంచి మంచి రక్తం తెచ్చే హెపాటిక్ ధమని, పైత్యరసం దిగే పిత్తనాళం. వీటిలో ధమని చాలామంది పిల్లల్లో రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది. ఒక నువ్వుగింజను తెచ్చి అరచేతిలో పెట్టుకుని చూస్తే ఆ కొలత అర్థమవుతుంది. అంత సన్నని గొట్టాన్ని సూక్ష్మదర్శిని కింద, కంటికి ఆనని దారంతో కుడతారు. ఈ ధమనిలో గడ్డ కట్టడం పెద్దవారిలో కంటే పిల్లల్లోనే ఎక్కువ, అదీ ప్రధానంగా మొదటి నెలలో. పిత్తనాళాలకు రక్తం అందేది ధమని ద్వారా మాత్రమే కనుక, ధమని మూసుకుంటే కాలేయం ఒక్కటే కాదు, పిత్తనాళాలు కూడా చచ్చుబడి కారడమో కుంచించుకుపోవడమో జరుగుతుంది.

ముక్క బరువు కూడా లెక్కలోకి వస్తుంది. బిడ్డ బరువులో కనీసం 0.8 శాతం ఉంటే తప్ప ఆ కాలేయం పని మోయలేదని సాధారణ అంచనా. 4 శాతం దాటితే పొట్టలో ఇమడదు. ఆరు కిలోల బిడ్డకు 270 గ్రాముల ముక్క వచ్చిందనుకుంటే అది 4.5 శాతం అవుతుంది. అప్పుడు పొట్టను బలవంతంగా మూసి కుడితే లోపల ఒత్తిడి పెరిగి, కొత్త కాలేయానికే రక్తం అందదు. అందుకని సర్జన్లు ముక్కను ఇంకా చిన్నది చేస్తారు, లేదా పొట్టను కొన్నాళ్లు కృత్రిమ పొరతో కప్పి ఉంచి తర్వాత మూస్తారు. ఐసీయూలో బిడ్డ పొట్ట పూర్తిగా మూయకుండా కనిపిస్తే కొందరు తల్లిదండ్రులు ఆపరేషన్ చెడిపోయిందని బెంబేలెత్తిపోతారు. చాలాసార్లు అది జాగ్రత్త కోసం చేసినదే.

ఆపరేషన్‌కు ముందు నెలలు

చిక్కులను తగ్గించే పని మలం రంగు చూడడంతో మొదలవుతుందంటే చాలామంది నమ్మరు. పిల్లల్లో కాలేయ మార్పిడికి అతి సాధారణ కారణం పిత్తనాళాలు మూసుకుపోయే జబ్బే. దాన్ని తొందరగా పట్టుకుని, పుట్టిన 60 రోజుల లోపు, పైత్యరసం దిగేలా పేగును నేరుగా కాలేయానికి కలిపే కసాయ్ అనే ఆపరేషన్ చేస్తే, కొందరికి మార్పిడి అవసరం ఏళ్ల తరబడి వాయిదా పడుతుంది, కొందరికి అసలు రాకపోవచ్చు. మార్పిడి వాయిదా పడిన కొద్దీ బిడ్డ పెరుగుతుంది, నాళాలు వెడల్పవుతాయి, అతుకులు సులువవుతాయి. మనవైపు ఈ రెండు నెలలూ ఎలా పోతాయో నాకు తెలుసు. గుణుపురం వైపు నుంచి ఒక పాపను మూడో నెల దాటాక తీసుకొచ్చారు. "పసరు పోయించాం డాక్టరమ్మా, పచ్చకామెర్లే కదా, తగ్గిపోద్దన్నారు" అంది నాయనమ్మ. అంతకుముందు ఒక క్లినిక్‌లో చూపిస్తే, పుట్టిన పిల్లలకు కామెర్లు మామూలేనని చెప్పి ఎండలో పడుకోబెట్టమన్నారట. నేను గుడ్డ విప్పి చూస్తే మలం రుబ్బిన మినప్పిండి రంగులో ఉంది, మూత్రం మాత్రం గుడ్డకు పసుపు మరక పెడుతోంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. పద్నాలుగు రోజులు దాటినా కామెర్లు తగ్గని ప్రతి బిడ్డకూ రక్తంలో మొత్తం బిలిరుబిన్‌తో (కామెర్లు తెచ్చే పసుపు పదార్థం) పాటు, పైత్యరసం దిగకపోతే పెరిగే డైరెక్ట్ బిలిరుబిన్ కూడా విడిగా చూడమని అడగాలి. పసరు విషయంలో నాది ఒకటే మాట: అందులో ఏ ఆకు ఉందో తెలియదు, కాలేయం అప్పటికే అలసి ఉంది, పైగా విలువైన వారాలు పోతాయి.

మార్పిడి తప్పదని తేలాక చేయవలసిన అతి ముఖ్యమైన పని తిండి. బక్కచిక్కిన బిడ్డకు పుండు మానదు, ఇన్‌ఫెక్షన్ త్వరగా పడుతుంది, పేగు కుట్లు వదులవుతాయి. ఈ పిల్లలకు మామూలు పిల్లలకంటే ఎక్కువ కేలరీలు కావాలి, దాదాపు ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్లు, ఎందుకంటే పైత్యరసం పేగుల్లోకి దిగక కొవ్వు ఒంటికి పట్టదు. అందువల్ల పైత్యరసం సాయం లేకుండానే ఒంటికి పట్టే మీడియం చెయిన్ కొవ్వున్న పాలపొడి రాస్తారు. కొబ్బరి నూనెలో అలాంటి కొవ్వు కొంత ఉంటుంది కానీ, పాలపొడికి అది బదులు కాదు. అంగన్‌వాడీ ఇచ్చే ఛతువా పిండినీ, చోడిజావనూ వదిలేయనక్కర లేదు. వాటిలో ఈ కొవ్వూ, రాసిన పొడీ కలిపి చిక్కగా పెట్టవచ్చు. చనుపాలు ఆపకూడదు. నోటితో చాలకపోతే రాత్రిళ్లు ముక్కు గొట్టం ద్వారా పాలు ఎక్కించమంటారు. ఆ గొట్టాన్ని చూసి ఇరుగుపొరుగు అనే మాటలు పట్టించుకోకండి, ఆ గొట్టంతో నాలుగు నెలల్లో కుదుటపడిన పిల్లలను నేను చూశాను. ఈ బిడ్డల విషయంలో తూకం బరువును నమ్మకూడదు. పొట్టలో నీరు, వాచిన కాలేయం, పెరిగిన ప్లీహం (పొట్టలో ఎడమవైపు ఉండే స్ప్లీన్) కలిసి తూకాన్ని పెంచి చూపిస్తాయి, లోపల కండ మాత్రం కరిగిపోతూ ఉంటుంది. కనుక ఆశా దిది దగ్గర ఉండే టేపుతో భుజానికీ మోచేతికీ మధ్య చుట్టుకొలత రెండు వారాలకోసారి తీయించి, తేదీతో రాసిపెట్టుకోండి. ఎ, డి, ఇ, కె విటమిన్లు విడిగా ఇవ్వాలి. కె విటమిన్ తక్కువైతే రక్తం గడ్డకట్టక ఆపరేషన్‌లో రక్తస్రావం పెరుగుతుంది.

టీకాల పని కూడా ముందే ముగించాలి. తట్టు, గవదలు, రుబెల్లా టీకా, ఆటలమ్మ టీకా బతికున్న క్రిములతో చేసినవి. మార్పిడి తర్వాత వాటిని సాధారణంగా ఇవ్వరు. మార్పిడికి కనీసం నాలుగు వారాల ముందు పడాలి. మార్పిడి అవసరమున్న పిల్లలకు వీటిని మామూలు వయసుకంటే ముందుగా, ఆరు నెలలు నిండినప్పటి నుంచీ ఇచ్చే వీలుంది కనుక, అంగన్‌వాడీ కార్డులోని తేదీ వచ్చేదాకా ఆగకుండా డాక్టరును అడగండి. ఆపరేషన్ తర్వాత పల్స్ పోలియో రోజున ఎవరు ఇంటికి వచ్చినా ఈ బిడ్డకు చుక్కలు వేయించకూడదు. తోబుట్టువులకూ చుక్కల బదులు ఇంజెక్షన్ టీకానే వేయమని అడగండి.

ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు అక్కడి పెద్ద డాక్టరు పేరుకంటే ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులు ముఖ్యమని నా అభిప్రాయం: పది కిలోల లోపు పిల్లలకు ఏడాదికి ఎన్ని మార్పిడులు చేస్తారు? పిల్లలకు ప్రత్యేక ఐసీయూ ఉందా? అర్ధరాత్రి డాప్లర్ స్కాన్, అంటే నాళాల్లో రక్తం పారడాన్ని చూపే స్కాన్, చేసే రేడియాలజిస్టు ఉంటారా? పిత్తనాళం కుంచించుకుపోతే చర్మం ద్వారా సన్నని గొట్టం పంపి వెడల్పు చేసేవారు అదే ఆసుపత్రిలో ఉన్నారా? జవాబు దాటవేస్తే మరో చోట అడగడంలో తప్పులేదు.

దాత విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం, 2011 సవరణ ప్రకారం తల్లిదండ్రులు, తోబుట్టువులతో పాటు తాతా, నాయనమ్మా, అమ్మమ్మా కూడా దగ్గరి బంధువులే. అయితే కుటుంబాలు మరిచిపోయే సంగతి మరొకటి ఉంది. తండ్రి దాత అయితే, మొదటి వారాల్లో ఆయనే రోగి. తల్లి ఐసీయూ బయట ఒంటరిగా, భాష రాని ఊళ్లో, ఇద్దరి మందులూ చూసుకోవలసి వస్తే తప్పులు జరుగుతాయి. మూడో పెద్దమనిషి, చదవడం రాయడం వచ్చిన పిన్నో మేనమామో, కనీసం నెల రోజులు తోడుండేలా ముందే ఏర్పాటు చేసుకోండి.

ఆసుపత్రిలో మొదటి రెండు వారాలు

ఇక్కడి పని అంతా బృందానిదే; అయినా ఏం జరుగుతోందో తెలిస్తే భయం తగ్గుతుంది, గమనింపు పెరుగుతుంది. చాలా కేంద్రాల్లో మొదటి వారం రోజుకు ఒకటి రెండుసార్లు డాప్లర్ స్కాన్ చేసి, ధమనిలో, రెండు సిరల్లో రక్తం పారుతోందో లేదో చూస్తారు. రక్తం మరీ చిక్కబడితే గడ్డ కట్టే ప్రమాదం ఉంది కనుక హిమోగ్లోబిన్‌ను సాధారణంగా 8 నుంచి 10 మధ్యే ఉంచుతారు. "బిడ్డకు రక్తం తక్కువుంది, ఎక్కించరేం" అని ఊరి నుంచి వచ్చిన బంధువులు గొడవపడడం నేను విన్నాను. ఇక్కడ తక్కువగా ఉంచడమే వైద్యం. గడ్డ కట్టకుండా హెపారిన్, తర్వాత చిన్న మోతాదులో ఆస్పిరిన్ ఇస్తారు.

పేగుకు చిల్లు పడడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇంతకుముందు కసాయ్ ఆపరేషన్ జరిగిన పిల్లల్లో పేగులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీసేటప్పుడు బలహీనపడిన చోట రోజుల తర్వాత చిల్లు పడవచ్చు, సాధారణంగా మొదటి రెండు వారాల్లో. స్టెరాయిడ్ మందుల వల్ల జ్వరం రాకపోవచ్చు, పొట్ట రాయిలా గట్టిపడకపోవచ్చు. నిన్న ఆడుకున్న బిడ్డ ఇవాళ మూలుగుతూ ముడుచుకుని పడుకోవడం, పాలు వద్దని ముఖం తిప్పుకోవడం, పొట్ట కొద్దిగా ఉబ్బడం మాత్రమే కనిపించవచ్చు. తల్లికి బిడ్డ తేడాగా అనిపిస్తే, కారణం చెప్పలేకపోయినా, నర్సుకు చెప్పి అది రాసుకునేదాకా నిలబడండి. అలాగే డ్రెయిన్ గొట్టంలో వచ్చే నీరు నిన్న లేత పసుపులో ఉండి ఇవాళ ఆకుపచ్చగా, కాఫీ రంగుగా మారితే ఆ మార్పును వెంటనే చూపించండి. ఆకుపచ్చ అంటే పైత్యరసం కారుతోందని అర్థం కావచ్చు.

ఊరికి తిరిగి వచ్చాక

డిశ్చార్జి అయిన రోజే రైలెక్కవద్దు. సుమారు మూడు నెలలు ఆసుపత్రికి దగ్గర్లో గది తీసుకుని ఉండమని చాలా బృందాలు చెబుతాయి. డబ్బు కష్టమైనా ఆ మాట వినడమే మంచిది. వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితాలు మూడు కాపీలు తీసి, ఒకటి ఇంట్లో, ఒకటి స్థానిక డాక్టరు దగ్గర, ఒకటి ఎప్పుడూ సంచిలో ఉంచండి. దాని ముందు ఒకే పుటలో ఇవి ఇంగ్లీషులో రాయించుకోండి: ఏ కాలేయ భాగం, ఏ తేదీ, పిత్తనాళం పేగుకు కలిపారా నాళానికే కలిపారా, ఇప్పటి మందులు, మోతాదులు, చివరి పరీక్షల అంకెలు, రాత్రి పూట కూడా ఎత్తే ఫోను నంబరు. ఇంట్లో తెలుగు, ఇక్కడి ఆసుపత్రిలో ఒడియా, మార్పిడి చోట తమిళమో ఇంగ్లీషో. మాట ఒక నోటి నుంచి మరో నోటికి మారేసరికి తేదీలూ మోతాదులూ తారుమారవుతాయి, కాగితం మీద ఉంటే మారవు.

ఒక తండ్రి చేసిన పని నాకు బాగా నచ్చింది, అందరికీ అదే చెబుతున్నాను. ఆయన రోజూ ఉదయం పగటి వెలుతురులో, తెల్లటి టైలు పక్కన బిడ్డ మలాన్ని ఒక ఫొటో తీసి, తేదీతో ఫోనులో దాచేవాడు. నిన్నటితో పోల్చితే తేడా కనిపించదు, పది రోజుల ఫొటోలు వరుసగా జరిపితే రంగు మెల్లగా పాలిపోవడం కళ్లకు కడుతుంది. ఒకసారి అలా పాలిపోతుంటే కామెర్లు కనిపించకముందే వచ్చాడు. రక్తపరీక్షలో జీజీటీ (పైత్యరసం దిగకపోతే పెరిగే అంకె) పెరిగి ఉంది, పిత్తనాళం అతుకు దగ్గర కుంచించుకుంటోందని తేలింది.

ఇంట్లో జ్వరం వస్తే ఏం చేయాలన్నదే ఈ కాగితం మొత్తంలో ముఖ్యమైన మాట. మన జిల్లాల్లో వానాకాలం జ్వరమంటే ముందు మలేరియానే గుర్తొస్తుంది, అందులో తప్పులేదు. కానీ కాలేయం మార్చిన బిడ్డలో 38 డిగ్రీల సెల్సియస్, అంటే థర్మామీటరులో 100.4, దాటిన ప్రతి జ్వరానికీ పిత్తనాళాల ఇన్‌ఫెక్షన్ సంగతి కూడా అదే రోజు తేలాలి. ఈ పాఠం నేను నా తప్పుతోనే నేర్చుకున్నాను. మార్పిడి జరిగి ఏడాది దాటిన ఒక నాలుగేళ్ల బాబును చలిజ్వరంతో తెచ్చారు. వేలి రక్తం కిట్‌లో మలేరియా గీత పడింది, మందు మొదలుపెట్టాను. "రాత్రంతా కాళ్లు గోక్కుంటున్నాడు డాక్టరమ్మా, దోమలేమో" అని తల్లి చెబితే నేను తలూపి ఊరుకున్నాను. మూడో రోజు జ్వరం తగ్గక మళ్లీ వచ్చినప్పుడు మోకాళ్ల కింద గోళ్ల గీతలు చూశాను, అవి దోమకాట్లు కావు. నెల క్రితం వాడికి మలేరియా వచ్చి తగ్గిందట. ఆ కిట్ జబ్బు నయమైన తర్వాత కూడా కొన్ని వారాలు గీత చూపిస్తూనే ఉంటుంది. దురద మాత్రం పైత్యరసం దిగడం లేదని చెబుతూనే ఉంది. కేంద్రానికి పంపితే పొట్ట చర్మం ద్వారా బెలూను పంపి పిత్తనాళాన్ని వెడల్పు చేసి, కొన్ని నెలలు గొట్టం ఉంచారు. బాబు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు కానీ, ఆ రెండు రోజుల ఆలస్యం నాదే.

కనుక జ్వరం వచ్చిన రోజే మలేరియా స్లైడు, రక్తకణాల లెక్క, కాలేయ పరీక్షలు జీజీటీతో సహా, వీలైతే యాంటీబయోటిక్ వేయడానికి ముందే రక్తం కల్చరుకు, అంటే అందులో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకు, తీయాలి. ఫలితం రాకముందే మార్పిడి బృందానికి ఫోను చేయాలి. కల్చరు సౌకర్యం దగ్గర్లో లేకపోతే కొరాపుట్ లేదా బరంపురం వైద్య కళాశాలకు వెళ్లాలా, విశాఖకు దిగిపోవాలా అన్నది వారే చెబుతారు. అంబులెన్సు రాష్ట్ర సరిహద్దు దాటుతుందో లేదో జబ్బు లేని రోజుల్లోనే అడిగి ఉంచుకోండి. సుంకి ఘాటు రోడ్డు మీద వానల్లో గంటలు ఎలా కరిగిపోతాయో మనకు తెలియనిది కాదు. మెడికల్ షాపులో పిల్లల జ్వరానికి ఇచ్చే ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ ఆసిడ్ కలిసిన సిరప్పులు వేయకూడదు, డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేయించకూడదు. కొత్త కాలేయాన్ని కాపాడే టాక్రోలిమస్ మందుతో కలిసి ఇవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. బృందం చెప్పిన మోతాదులో పారాసిటమాల్ మాత్రం ఇవ్వవచ్చు.

పొట్ట చుట్టుకొలత పెరుగుతూ బరువు త్వరత్వరగా ఎక్కితే, రక్తం బయటికి వెళ్లే సిర దగ్గర ఇరుకు ఏర్పడి నీరు చేరుతుండవచ్చు. నల్లటి తారులాంటి మలం, రక్తం వాంతి అయితే గంట కూడా ఆగవద్దు. కుట్టు దగ్గర ఎర్రబడినా, చీము కనిపించినా అదే రోజు చూపించండి; ఏడ్చినప్పుడు ఉబ్బు కనిపించడం రెండు రోజుల్లో చూపిస్తే సరిపోతుంది, వాంతులు కలిస్తే మాత్రం వెంటనే.

మందు వేళలు

కొత్త కాలేయాన్ని శరీరం తిప్పికొట్టకుండా ఉంచే టాక్రోలిమస్ పన్నెండు గంటలకోసారి, రోజూ అవే వేళలకు, తిండికి అదే దూరంలో పడాలి. దాని మోతాదు తగ్గితే శరీరం కాలేయాన్ని తిప్పికొడుతుంది, పెరిగితే ఇన్‌ఫెక్షన్, మూత్రపిండాల దెబ్బ. రెండూ ఆపరేషన్ చేసిన చోటికే తిరిగి లాక్కెళ్తాయి. రక్తంలో మందు స్థాయి చూసే రోజున ఉదయం మోతాదు వేయకముందే రక్తం ఇవ్వాలి. ఉదయం ఎనిమిదికి వేసే బిడ్డను ఏడున్నరకే ల్యాబ్‌కు తీసుకెళ్లండి, మందు సీసా వెంట పెట్టుకుని, రక్తం తీసిన నిమిషానే అక్కడే వేయండి. ఈ పరీక్షకు ఊదారంగు మూత ఉన్న గొట్టంలో మొత్తం రక్తం కావాలి. చిన్న ల్యాబుల్లో అలవాటుగా ఎర్ర మూత గొట్టంలో తీస్తే నమూనా పనికిరాదు. బయటికి పంపే నమూనా ఫలితానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు కనుక సోమవారమో మంగళవారమో ఇవ్వడం మేలు. కంపెనీ మారిస్తే స్థాయి మారవచ్చు. షాపువాడు "అదే మందు, వేరే పేరు" అన్నా, బృందానికి చెప్పకుండా మార్చవద్దు. ఇంట్లో ఎప్పుడూ మూడు వారాల నిల్వ ఉండాలి.

పంపరపనస ఈ బిడ్డకు పూర్తిగా నిషిద్ధం, ఎందుకంటే అది మందు స్థాయిని ఉన్నట్టుండి పెంచుతుంది. కార్తీకంలో పెరట్లో చెట్టు నిండా కాస్తే తొనలు ఒలిచి పిల్లలందరికీ పంచడం మన అలవాటు, ఆ పళ్లెం ఈ బిడ్డ దగ్గరికి రాకూడదు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్ కూడా స్థాయిని పెంచుతాయి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్ తగ్గిస్తాయి. విరేచనాలైతే స్థాయి పెరగవచ్చు, ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడి నాళాల్లో గడ్డకట్టే ప్రమాదమూ ఉంది; ఓఆర్ఎస్ మొదలుపెట్టి అదే రోజు ఫోను చేయండి. ఆస్పిరిన్ వాడుతున్న బిడ్డ దగ్గరికి ఆటలమ్మ పోసిన వారు వచ్చారని తెలిస్తే కూడా అదే రోజు చెప్పాలి. మజ్జిగౌరమ్మ చైత్ర జాతర రద్దీలోకి మొదటి ఏడాది తీసుకెళ్లకపోవడమే మంచిది.

ఏళ్ల తర్వాత

బిడ్డ బాగా పెరుగుతూ, బడికి వెళ్తూ ఉంటే చూపించుకోవడం మానేస్తారు. నెమ్మదిగా వచ్చే చిక్కులు అప్పుడే కనిపిస్తాయి. పోర్టల్ సిర అతుకు దగ్గర సన్నబడితే బిడ్డకు నొప్పి ఉండదు, కామెర్లు ఉండవు; ప్లీహం పెరుగుతుంది, ప్లేట్‌లెట్లు ప్రతి పరీక్షలోనూ కొంచెం కొంచెంగా తగ్గుతాయి. ఇలా తగ్గుతున్న వరుసను ల్యాబ్ కాగితం కొన్నాళ్లు "నార్మల్" అనే చూపించవచ్చు, పాత అంకెలు పక్కన పెట్టుకుంటే తప్ప తెలియదు. తొందరగా తెలిస్తే బెలూనుతో, అవసరమైతే స్టెంటుతో తెరుస్తారు. ఇంకొకటి అరుదైనదే కానీ గుర్తుంచుకోవాలి: ఎడమ ముక్క పెట్టిన పిల్లల్లో నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత, కుడివైపు ఉదరవితానంలో (పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే కండర పొరలో) కంత పడి పేగు ఛాతీలోకి ఎక్కుతుంది. ఆయాసం, వాంతులు కలిసి వస్తే నెమ్ము అనుకుని ఊరుకోకుండా ఛాతీ ఎక్స్‌రే తీయించి, మార్పిడి జరిగిన బిడ్డ అని రేడియాలజిస్టుకు చెప్పాలి.

ఏడాదికోసారి, లేదా బృందం చెప్పినన్నిసార్లు, డాప్లర్ తప్పనిసరి. ఇక్కడే చేయించేటట్లయితే చీటీ మీద "పొట్ట స్కాన్" అని మాత్రమే రాయించుకుంటే నాళాలు చూడకుండానే వదిలేస్తారు. ఇలా రాయించండి: ఎడమ కాలేయ ముక్క మార్పిడి జరిగిన బిడ్డ, హెపాటిక్ ధమని, పోర్టల్ సిర, హెపాటిక్ సిర ప్రవాహ వేగాలు, పిత్తనాళాల వెడల్పు, ప్లీహం పొడవు సెంటీమీటర్లలో రాయగలరు. స్కాన్ ముగిశాక కాగితంతో పాటు చిత్రాలు కూడా సీడీలో అడిగి తీసుకుని, అదే సాయంత్రం బృందానికి పంపించండి.